మతం గడిలో నేను రాసిన మాట

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం నన్ను పట్టుకుని ఉంది. దాన్ని మోశానని చెప్పుకునే అర్హత కూడా నాకు లేదు. మోసినవాడు మరొకడు. నేను దాన్ని తయారుచేసి, అతడి నెత్తిన పెట్టి, ఇంటికి వచ్చి భోజనం చేశాను. ఆ పూట వంకాయ కూర బాగా కుదిరిందని మా ఆవిడతో అన్నట్టు కూడా గుర్తు.

చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవారికి చెబితే ఓదారుస్తారు. మా గోదావరి సీమలో వయసు మళ్లినవారిని ఓదార్చడం ఒక మర్యాద. "పోనివ్వండి మాస్టారూ, ఆ రోజులు అలాంటివి" అంటారు. రోజులు ఎప్పుడూ అలాంటివి కావు. మనుషులే అలాంటివారు. వారిలో నేనొకణ్ణి. నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణి కాబట్టి అందరిలోకీ హీనుణ్ణి.

నాకు క్రమం ఇష్టం. జీవితమంతా ఏ పని ఎక్కడ మొదలుపెట్టాలో ఇతరులకు చెబుతూ బతికాను. కాబట్టి ఇదీ మొదటినుంచే చెబుతాను. పేర్లు మార్చాను. తక్కినవేవీ మార్చలేదు.

నేను కాలువ పక్కన ఒక వరి ఊళ్లో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాను. ఊరికి తూర్పున పేట. పేటలో దాదాపు అందరూ దళితులు, తాతల కాలంనుంచి చర్చికి వెళ్లే క్రైస్తవులు. ఒక జూన్ నెలలో సుందరరావు తన కూతుర్ని ఒకటో తరగతిలో చేర్పించడానికి తీసుకొచ్చాడు. అతడు రైసు మిల్లులో బస్తాలు మోసే ముఠా కూలీ. అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు, సంతకం చేయగలడు. ఆ సంతకం గురించి తర్వాత చెబుతాను.

ఆ కాలంలో బడిలో చేరే పిల్ల పుట్టిన తేదీని మాస్టారే నిర్ణయించేవాడు. పేరు నచ్చకపోతే పేరు కూడా. ఇది మోసమని మాలో ఎవరూ అనుకోలేదు. తల్లిదండ్రులు కూడా అనుకోలేదు. పిల్ల పేరు మేరీ రత్నం అని చెప్పాడు. నేను రత్నకుమారి అని రాశాను. తేదీ గుర్తులేదన్నాడు. నాకు తోచిన తేదీ వేశాను. తర్వాతి గడి మతం.

"మతం?" అన్నాను.

"క్రైస్తవులమండి," అన్నాడు సుందరరావు. నసగలేదు. ఇంకెవరైనా వింటారేమోనని చుట్టూ చూడలేదు.

నేను 'హిందూ' అని రాశాను.

ఎందుకు? దయతోనని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. దళితుడు క్రైస్తవుడైతే చట్టం దృష్టిలో ఎస్సీ కాడు. పిల్లకు స్కాలర్‌షిప్పు రాదు, హాస్టల్లో చోటు దొరకదు. దేవుణ్ణి మార్చుకుంటే కులం పోతుందని ఆ కాగితం నమ్ముతుంది. మా ఊరి కాఫీ హోటల్లో పేటవాళ్లకు విడిగా పెట్టిన గ్లాసు మాత్రం ఎన్నడూ నమ్మలేదు. కాబట్టి నేను మేలే చేశాననుకున్నాను. మేలు చేసేవాడు ఎదుటివాడికి ఆ సంగతి చెప్పడా? నేను చెప్పలేదు. పుస్తకం అతడి వైపు తిప్పి, వేలితో చోటు చూపించాను. చదవకుండానే సంతకం చేశాడు. మాస్టారు రాసింది చదివి చూసుకోవడమంటే మాస్టారిని అనుమానించడమే. మా ఊళ్లో ఎవరూ అంత తప్పు చేయరు. అది దయ కాదని ఇప్పుడు తెలుసు. ఆ మనిషి, ఆ పిల్ల, ఆ గడి అన్నీ నావే అనుకున్నాను. అంతే.

పిల్ల చదువుకుంది. నర్సింగు పూర్తిచేసి, ఎస్సీ కోటాలో ఉద్యోగం తెచ్చుకుని, మా ఊరి ఆరోగ్య కేంద్రానికే నర్సుగా వచ్చింది. చెయ్యి తేలిక అని అందరూ అనేవారు. నేను పదవీ విరమణ చేశాక నాకు చక్కెర వ్యాధి వచ్చి కాలికి పుండు పడితే, కట్టు కట్టేది ఆమే. "నీ పుట్టినరోజు నేను పెట్టినదే సుమా" అని నలుగురిలో చెప్పి నవ్వించేవాణ్ణి. ఆమె నవ్వేది. ఆ నవ్వు నాకు చెల్లించవలసిన గౌరవమని అనుకునేవాణ్ణి.

ఒకరోజు ఉదయం వెళ్లేసరికి జనం ఎక్కువగా ఉన్నారు. నేను నేరుగా లోపలికి నడిచాను. "టోకెన్ తీసుకుని కూర్చోండి మాస్టారూ, పేరు పిలుస్తాను" అంది. ఆమె ముందు ఒక నిండు గర్భిణి ఉంది. నర్సు చెప్పింది సరైన మాట. క్రమం గురించి ఊరందరికీ పాఠాలు చెప్పిన నేను, నాకు వరుస చూపించినందుకు రగిలిపోయాను. ఎంతసేపు కూర్చున్నానో చెప్పమంటారా? ఇరవై నిమిషాలు. ఒక కుటుంబాన్ని వీధిన పడేయడానికి నాకు అంతే సరిపోయింది.

ఇక ఊరి సంగతి. ఆ రోజుల్లో ఎరువుల కొట్టు సత్తిబాబు ధర్మాన్ని కాపాడడానికి ఒక కమిటీ పెట్టాడు. ధర్మాన్ని ఎవరినుంచి కాపాడాలో మొదట అతడికి స్పష్టంగా తెలియదు. వెతుక్కుంటే పేట దొరికింది. ప్రార్థన మందిరం గోడ కట్టుకుంటుంటే కాలువ గట్టు ఆక్రమణ అని ఆపించారు. అదే గట్టు మీద సత్తిబాబు ఎరువుల గోదాము ఉంది. పాస్టరు గారి మోటారు సైకిలు టైర్లు కోశారు. పక్క ఊళ్లలోనూ ఇదే తంతు. నేను ఏడాదికోసారి అన్నవరం వెళ్లి వ్రతం చేసుకునేవాణ్ణి. ఈ కమిటీలో ఆ కొండ మెట్లు ఎక్కినవాడు ఒక్కడూ కనిపించలేదు. అది తెలిసి కూడా సాయంత్రాలు వారి కొట్టు ముందు కుర్చీలో కూర్చున్నాను. అక్కడ నన్ను వరుసలో నిలబెట్టేవారు లేరు.

"ఆదివారం అల్లెలూయా, సోమవారం రిజర్వేషనా అండి?" అన్నాడు సత్తిబాబు ఒకనాడు. అందరూ నవ్వారు. "ఆ నర్సు మీద పైకి ఒక ఉత్తరం పంపాలండి. మీ దస్తూరీ అక్కర్లేదు మాస్టారూ, మీ బుర్ర కావాలి. టైపు మనవాడు కొడతాడు."

నేనూ నవ్వాను. తర్వాత చెప్పాను. ఏ రిజిస్టరు, ఏ పుట, ఏ గడి. చర్చి పుస్తకంలో ఆమె బాప్తిస్మం నమోదై ఉంటుందని, రెండూ పక్కపక్కన పెడితే చాలునని. ఆ ఆకాశరామన్న ఉత్తరాన్ని మొదటినుంచి చివరిదాకా నేనే చెప్పి రాయించాను. 'తండ్రి అసత్యము పలికి అధికారులను వంచించెను' అన్న వాక్యం నాదే. కింద 'ఒక ధర్మాభిమాని' అని పెట్టించాను. ఆ గడిని నింపినది నేనేనన్న సంగతి అప్పుడు నాకు గుర్తు లేదా? ఉంది. ఎంత గుర్తుందంటే, ఆ వాక్యం చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెంచాను.

ఆ ఉత్తరం మీద విచారణకు ముందురోజు రత్నకుమారి మా ఇంటికి వచ్చింది. గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడింది. నేను కూర్చోమనలేదు.

"రేపు ఎంక్వైరీ అండి మాస్టారూ. మిమ్మల్ని కూడా పిలుస్తారంట."

"పిలిస్తే వస్తాను."

"ఉద్యోగం ఎలాగూ నిలవదని లాయరు గారు చెప్పేశారండి. దాని కోసం రాలేదు. మా నాన్న అబద్ధం చెప్పి నన్ను బడిలో వేశాడని రాశారండి. ఆయన క్రైస్తవులమనే చెప్పాడంట. మీరు ఆ ఒక్క మాట చెప్తే చాలండి."

"ఎప్పటి మాట అమ్మా అది. ఎన్ని వందల మంది పిల్లలు. నాకెలా గుర్తుంటుంది?"

"నా పుట్టినరోజు మీరు పెట్టారని గుర్తుంది కదండి. మొన్న కూడా అందరిలో చెప్పి నవ్వించారు."

జవాబు లేనప్పుడు పెద్దవాళ్లు చేసే పని చేశాను. గొంతు గంభీరంగా మార్చాను. "రిజిస్టరులో ఏముందో అదే చెబుతాను. నోటి మాటకు విలువ లేదు."

"నాన్న మూడు రోజులనుంచి అన్నం ముట్టట్లేదండి. మిల్లులో బస్తా తగ్గితే దొంగోడా అనేవాళ్లు, పడేవాడండి. అబద్ధాలకోరు అంటే పడలేకపోతున్నాడు."

"వెళ్లిరా అమ్మా," అన్నాను.

ఆమె వంగి చెప్పులు తొడుక్కుంది. నా కాలి కట్టు వైపు ఒకసారి చూసి, "తడి తగలనివ్వకండి," అని వెళ్లిపోయింది. అది ఎత్తిపొడుపు అయితే బాగుండునని తొమ్మిదేళ్లుగా అనుకుంటున్నాను. కాదు. కట్టు తడిసి ఉంది, అందుకని చెప్పింది.

మర్నాడు పంచాయతీ ఆఫీసులో అధికారి అడిగాడు. "మతం ఎవరు చెప్పగా రాశారండి?"

"తండ్రి చెప్పినదే రాశాను. కింద అతడి సంతకం ఉంది."

సుందరరావు ఎదురుగా నిలబడి ఉన్నాడు. "నేను క్రైస్తవులమని చెప్పానండి," అన్నాడు. అధికారి నా వైపు చూశాడు. ఒక ప్రధానోపాధ్యాయుడి మాట, ఒక ముఠా కూలీ మాట. అధికారి ఎక్కువసేపు ఆలోచించలేదు. సుందరరావు నా మీద అరవలేదు. భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి, మళ్లీ భుజాన వేసుకున్నాడు.

నేను దేనికి భయపడ్డాను? నిజం చెబితే ప్రభుత్వ పుస్తకంలో తప్పు రాసినవాణ్ణవుతాను. ఆ వయసులో నన్ను ఎవరు జైల్లో వేస్తారు? పింఛను పోతుందని కూడా అనుకోలేదు. సాయంత్రం సత్తిబాబు కొట్టు ముందు నా కుర్చీ పోతుంది. ప్లాస్టిక్ కుర్చీ. ఒక చెయ్యి విరిగింది కూడా. దాని కోసం.

ఆమె ఎస్సీ ధ్రువపత్రం రద్దయింది, ఉద్యోగం పోయింది. ఉత్తర్వులో 'తండ్రి తప్పుడు సమాచారమిచ్చినందున' అని నా వాక్యమే కొంచెం రూపు మార్చుకుని వచ్చింది. కమిటీ మిఠాయి పంచింది. నా వాటా నేను తీసుకున్నాను.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది ఒక కుటుంబం కథ. నా పాండిత్యం అంతటితో ఆగలేదు. ఆ ఉత్తరం నకళ్లు తీసుకుని కమిటీ జాబితా తయారుచేసింది. పేటలో జీతం వచ్చే ప్రతివాడి పేరూ అందులో ఉంది. లైన్‌మన్, ఇద్దరు టీచర్లు, కాలువ లాకు దగ్గర పనిచేసే లస్కరు. కొందరి మీద విచారణ జరిగింది. కొందరు విచారణ రాకముందే బదిలీ పెట్టుకుని వెళ్లిపోయారు. చర్చికి వెళ్లడం మానేసి తలుపులు వేసుకుని ప్రార్థన చేసుకున్నవారూ ఉన్నారు. పిల్లల్ని "బడిలో ఎవరైనా దేవుడి గురించి అడిగితే తెలీదని చెప్పు" అని తల్లులు నేర్పారు. బడిలో తెలియదని చెప్పడం నేర్పే ఊరు ఏ పాఠం నేర్చుకుంటుంది?

జీతాలు వెళ్లిపోయాక ఊరికి మెల్లగా తెలిసివచ్చింది. ఆ జీతగాళ్ల అన్నదమ్ములే మా పొలాలకు కౌలుదార్లు. కౌలు చేలకు యూరియా కొనేది సత్తిబాబు దగ్గరే. వారు కౌలు వదులుకున్నారు. నాట్లు వేసే పేట ఆడవాళ్ల ఊడ్పు ముఠా మా చేలల్లో దిగడం మానేసి, భీమవరం వైపు రొయ్యల షెడ్లకు వ్యాన్లెక్కి వెళ్లిపోయింది. నీరు వదిలాక నారు ముదిరిపోతుంటే, మా రైతులు గట్టు మీద నిలబడి కాలం మారిపోయిందని నిట్టూర్చారు. కాలం ఏమీ మారలేదు. వారు తరిమేసిన మనుషులు వెళ్లిపోయారు. ఈ రెండూ ఒకటేనని నమ్మడానికి ఎంత తెలివితక్కువతనం కావాలో, మా ఊళ్లో అంతా ఉంది.

కూలీలు దొరకని చేలను చేపల చెరువులుగా మార్చారు. చెరువు ఊట పక్క చేలోకి దిగింది. పక్కవాడూ చెరువే తవ్వుకున్నాడు. ఊరి బావుల్లో నీళ్లు చప్పబడి, తర్వాత ఉప్పబడి, ఇప్పుడు మేడలున్నవాళ్లూ లేనివాళ్లూ అందరం డబ్బాల్లో నీళ్లు కొనుక్కుంటున్నాం. పేట పిల్లలు లేక నా బడి పక్క ఊరి బడిలో కలిసిపోయింది. నర్సు ఉద్యోగం ఖాళీగా ఉంది. వచ్చినవారు నెల తిరక్కుండా బదిలీ చేయించుకుంటున్నారు. కాన్పుకు రాజమండ్రి, కుక్క కరిస్తే రాజమండ్రి. నా కాలి కట్టు కోసం నేను ఆటోలో మండల కేంద్రానికి వెళ్తాను. అక్కడ టోకెన్ తీసుకుని కూర్చుంటాను. జాలిపడకండి. చెప్పవలసి వచ్చింది కాబట్టి చెప్పాను.

ఇది ఒక ఊరి గొడవ, దేశానికేమిటి సంబంధమని కొందరు పెద్దమనుషులు అంటారు. దేశమంటే వారి ఉద్దేశం ఏమిటో నాకు తెలియదు. నాకు తెలిసిన దేశంలో ఒకరు సూది వేస్తారు, ఒకరు నారు నాటుతారు, ఒకరు కరెంటు తీగ సరిచేస్తారు, ఒకరు పిల్లలకు లెక్కలు చెబుతారు. ముందు నీ దేవుడెవరో చెప్పమని వారిని నిలదీసి పంపించిన తర్వాత మిగిలేది మేము. మాకు ఉత్తరాలు రాయడం వచ్చు.

ఊడ్పులకు ఒక బ్రోకరు బెంగాలు నుంచి కూలీలను దింపాడు. తాడు పట్టుకుని వరుసగా, శుభ్రంగా నాటుతారు. మొదటి రెండేళ్లు వారి మతం ఎవరూ అడగలేదు, అవసరం అంత గట్టిది. నిరుడు ఊడ్పుల సమయంలో సత్తిబాబు మా ఇంటికి వచ్చాడు. కొట్టులో ఇప్పుడు ఎరువుల కంటే కూల్‌డ్రింకులు ఎక్కువ అమ్ముడవుతాయి.

"ఇంకో ఉత్తరం రాయాలండి మాస్టారూ. ఆ బెంగాలోళ్లలో సగం మంది సాయిబులంటండి. శుక్రవారం పని ఆపేసి గట్టు మీద నమాజు చేస్తున్నారు."

"వాళ్లూ పోతే నీ చేను ఎవరు ఊడుస్తారు?"

"అది తర్వాత చూద్దామండి," అన్నాడు.

ఆ మాట విని నాకు అసహ్యం వేసింది. కానీ అతడి మీద కాదు. అతడు అమాయకుడు అంటే మీరు నవ్వుతారు. అయినా, ఈ పని ఎలా చేయాలో అతడికి నేర్పినది నేను. ఉత్తమ విద్యార్థి గురువు గారి దగ్గరకు రెండో పాఠానికి వచ్చాడు. రాయనని చెప్పి పంపించాను. ఆ మధ్యాహ్నమే కూర్చుని మరొకటి రాశాను. వాంగ్మూలం. నా పేరుతో, నా చేతిరాతతో. రిజిస్టరు గురించి ఒక పేరా, ఆకాశరామన్న ఉత్తరం గురించి ఒక పేరా, విచారణలో నేను చెప్పిన అబద్ధం గురించి ఒక పేరా. ఒక ప్రతి కలెక్టరు కార్యాలయానికి పంపాను. ఇంతవరకు జవాబు లేదు. రెండో ప్రతి పట్టుకుని రావులపాలెంలో బస్సెక్కి రాజమండ్రి వెళ్లాను.

ఊరి చివర ఒక ఇరుకు వీధి. రత్నకుమారి తండ్రితో అక్కడే ఉంటూ, ఇప్పుడు ప్రైవేటు ఆసుపత్రిలో సగం జీతానికి పనిచేస్తోంది. తలుపు తీసి నన్ను చూసి, ఒక్క క్షణం నా కాలి వైపు చూసింది, అలవాటు కొద్దీ. కాగితం ఇచ్చాను. నిలబడే చదివింది. రెండో పేరా దగ్గర ఆగింది. "ఉత్తరం కూడా మీరేనా," అంది. అడిగినట్టు లేదు. అవునన్నాను. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు.

లోపల మంచం మీద సుందరరావు. రెండు కళ్లకూ పొరలు. "ఎవరమ్మా?" అన్నాడు. ఎవరో చెప్పి, కాగితంలో ఏముందో ఒక్క ముక్కలో చెప్పింది. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత నన్నే చదవమన్నాడు. నేను కాగితం అందుకుని గొంతు సవరించుకున్నాను.

"ఆగండి," అన్నాడు. "ముందు ఆ తలుపు బార్లా తీయమ్మా. ఈ వీధిలో ఐదిళ్లు మన పేటోళ్లవే. ఆరోజు పంచాయతీ ఆఫీసులో ఉన్నోళ్లూ ఉన్నారు. పిలు. మాస్టారు గట్టిగా చదువుతారు."

వచ్చారు. గుమ్మంలో, వీధిలో నిలబడ్డారు. కొందరికి నేను చదువు చెప్పాను. ఎవరూ నమస్కారం పెట్టలేదు. నేను చదివాను. 'మతమేమిటని నేను అడుగగా, తాము క్రైస్తవులమని సుందరరావు స్పష్టముగా చెప్పెను. హిందూ అని రాసినవాడను నేను. అతడు అసత్యము పలుకలేదు, పలికినవాడను నేను.'

"ఆ ముక్క ఇంకోసారి చదవండి," అన్నాడు సుందరరావు.

మళ్లీ చదివాను. ఆయన తల ఊపాడు. నన్ను క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. ముఖం గుమ్మంలో ఉన్నవారి వైపు తిప్పుకుని, విన్నారా అన్నట్టు కూర్చున్నాడు. ఎవరో విన్నామన్నారు. నా పని అక్కడితో అయిపోయింది.

మూడోసారి నన్నెవరూ అడగలేదు. నేనే చదివాను.